బాటసారి బాకీ

హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి దాటాక, అనంతపురం చేరకముందు గార్లదిన్నె మీదుగా సాగుతుంది. రెండు మూడు రోజులు సెలవులు కలిసొచ్చాయంటే ఈ దారిన స్నేహితుల బృందాలు కార్లలో బయల్దేరతాయి. వాళ్లు చుట్టివచ్చే చోట్లు కొంచెం అటూ ఇటూగా అవే. గుత్తి కోట ఎక్కుతారు. తాడిపత్రికి మళ్లి చింతల వెంకటరమణస్వామినీ బుగ్గ రామలింగేశ్వరుణ్నీ దర్శించుకుంటారు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం గార్లదిన్నె దగ్గర రాగిసంగటి, వేరుశనగ గింజలు నూరిన ఊరుబిండి. ధర్మవరంలో ఇంట్లోవాళ్లకు పట్టుచీరలు కొంటారు. లేపాక్షిలో వీరభద్రుడికి మొక్కి, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి అటువైపు నుంచి లాగి చూస్తారు. ఇల్లు చేరాక పెద్దవాళ్ల నుంచి ఒక ప్రశ్న ఎదురవుతుంది: మీరు దేవుణ్ని చూడ్డానికి పోయారా, తిని తిరగడానికి పోయారా? పిల్లలు నొచ్చుకుంటారు, లేదా ఊరుకుంటారు. కానీ ఆ ప్రశ్నను ఊరికే వదిలేయకూడదు. మన మతాలన్నీ ప్రయాణానికి ఏదో ఒక పుణ్యాన్ని ముడిపెట్టాయి. ఆ పుణ్యం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పోతుంది అన్నది తేల్చుకోవాల్సిన విషయమే.

పెద్దల ప్రశ్నలోనూ పిల్లల మౌనంలోనూ ఒకే నమ్మకం ఉంది. తినడం, కొనడం, వింతలు చూడడం ఒక వైపు. దైవం మరో వైపు. మొదటివి పెరిగినకొద్దీ రెండోది తగ్గుతుందని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. ఈ విభజన సరైంది కాదని నా వాదన. భోజనమూ బజారూ చూడముచ్చటైన చోట్లూ యాత్రకు అడ్డం కావు. అవి లేని యాత్ర మన చరిత్రలో దాదాపు లేదు. యాత్రను విహారం నుంచి వేరుచేసేది మరొకటి ఉంది. పోయినచోట మనం ఎవరికి బాకీ పడ్డామో గుర్తించడం, ఆ బాకీ తీర్చడానికి ఏదో ఒకటి చేయడం. ఆ గుర్తింపు ఉంటే దారిపక్క హోటల్లో తిన్న ముద్ద కూడా యాత్రలో భాగమవుతుంది. అది లేకుంటే గర్భగుడి ముందు గంటసేపు నిలబడినా అది విహారమే.

ఈ వాదనకు మొదటి ఎదురుదెబ్బ సాక్షాత్తూ మహాభారతం నుంచే తగులుతుంది. వనపర్వంలో తీర్థయాత్రల భాగం ఉంది. తీర్థఫలం ఎవరికి దక్కుతుందో పులస్త్యుడు అక్కడ చెబుతాడు: చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికి, దొరికినదానితో తృప్తిపడేవాడికి, మితంగా తినేవాడికి. ఆపైన ధర్మరాజు లోమశ మహర్షితో యాత్రకు బయల్దేరినప్పుడు, పరివారం తగ్గించుకుని తేలికగా రమ్మని మహర్షి చెబుతాడు. అప్పుడు ధర్మరాజు ఆకలిదప్పులు ఓర్చుకోలేనివాళ్లనూ రుచులు మరిగినవాళ్లనూ వంటవాళ్లు వెంట లేకుంటే గడవనివాళ్లనూ వెనక్కి వెళ్లమంటాడు. ఇంతకంటే స్పష్టంగా ఏం చెప్పాలి? రుచులు కోరేవాడికి తీర్థయాత్రలో చోటు లేదని ధర్మమూర్తే తేల్చినట్టు కనిపిస్తుంది.

ఆ ఘట్టాన్ని నిదానంగా చదివితే తీర్పు అంత సూటిగా లేదు. ధర్మరాజు వాళ్లను పాపులని పంపేయలేదు. ఎదురుగా హిమాలయాలు, అడవులు, దొరికితే తిండి లేకపోతే పస్తు. అలాంటి దారిలో పోషణ కోసం ఇతరుల మీద ఆధారపడేవాళ్లు బరువవుతారు. పైగా పంపేసేటప్పుడు వాళ్ల జీవనం ఎలాగన్నది కూడా ఆలోచించాడు. ధృతరాష్ట్రుణ్ని ఆశ్రయించమన్నాడు, ఆయన ఆదరించకపోతే పాంచాల రాజు చూసుకుంటాడన్నాడు. అరణ్యవాసంలో ఉన్నవాడు తనను నమ్ముకున్నవాళ్ల కూటికి దారి చూపించాకే కదిలాడు. పులస్త్యుడి మాటల్లోనూ నిషేధం అన్నం మీద కాదు, అత్యాశ మీద. దొరికినదానితో తృప్తిపడమన్నాడంటే దొరికినది తినమనే కదా. గార్లదిన్నె దగ్గర ఆగిన బృందం అక్కడి వంటను ఇష్టంగా తింటే ఈ నియమం చెడదు. మా ఊళ్లో దొరికే తిండే ఇక్కడా కావాలని పట్టుబట్టి, అది లేదని వంటమనిషిని కసిరితే చెడుతుంది.

ఆకలి విషయంలో మన సాహిత్యం ఇంకా ముందుకు వెళ్లింది. శ్రీనాథుడి కాశీఖండంలో వ్యాసుడి కథ పాఠంగా చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వేదాలు విభజించినవాడు, శిష్యులతో కాశీలో ఉన్నవాడు. శివుడి పరీక్షలో ఆయనకు భిక్ష దొరకదు. మరునాడూ దొరకదు. అంతటి జ్ఞాని ఆకలికి ఓర్చుకోలేక కాశీనే శపించబోతాడు. అప్పుడు అన్నపూర్ణ ఒక గృహిణి రూపంలో వచ్చి, మందలించి, శిష్యులతో సహా భోజనానికి పిలుస్తుంది. శివుడు కాశీ విడిచి పొమ్మనేది ఆ భోజనం అయ్యాకే. శిక్ష తప్పలేదు, కానీ అన్నం ముందు వచ్చింది. ఈ కథలో దైవం అన్నానికి అవతలెక్కడో లేదు. అన్నం పెట్టే చేతిలో ఉంది. వ్యాసుడి తప్పు ఆకలి కాదు. ఇన్నాళ్లూ తనకు భిక్ష పెట్టిన ఊరిని రెండు రోజులు పెట్టనందుకు శపించబోవడం, అంటే తీసుకున్నదంతా మరిచిపోవడం, ఆయన తప్పు.

గీత మూడో అధ్యాయం ఇదే మాటను సూత్రంగా చెబుతుంది. దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగతో సమానమనీ, తన కోసమే వండుకునేవాడు పాపాన్నే తింటున్నాడనీ దాని సారం. అనుభవించడాన్ని అక్కడ తప్పుపట్టలేదు, తిరిగి ఇవ్వకపోవడాన్నే తప్పుపట్టారు. శతపథ బ్రాహ్మణం మనిషి నాలుగు రుణాలతో పుడతాడంటుంది. దేవ, ఋషి, పితృ రుణాలు మూడు అందరికీ తెలుసు. నాలుగోది మనుష్య రుణం. అది తీరేది సాటి మనిషికి నీడా అన్నమూ ఇవ్వడం ద్వారా. ఈ నాలుగో రుణాన్ని మనం దాదాపు మరిచిపోయాం. ఇంట్లో కూర్చున్నవాడికి అది సులువుగా కనిపించదు. బియ్యం డబ్బాలో ఉంటాయి, నీళ్లు కుళాయిలో వస్తాయి. ఊరు కాని ఊళ్లో ప్రతి పూటా, ప్రతి గుక్కా మరొకరి చేతి నుంచి రావాలి. ప్రయాణానికి మతాలు అంత విలువ ఇవ్వడానికి ఇదొక బలమైన కారణమని నేననుకుంటున్నాను. ప్రయాణం మనిషికి మనుష్య రుణాన్ని కళ్లకు కట్టి చూపిస్తుంది.

ఇప్పుడు గార్లదిన్నె దగ్గర ఆకులో పడిన తిండిని చూద్దాం. అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి మేఘాలు కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి ఇంతదూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సమంగా పడదు. జూన్, జూలైల్లో విత్తిన చెనక్కాయ ఊడలు దిగే సమయానికి మూడు నాలుగు వారాలు చినుకు లేకపోతే ఆ ఏడు కాయ లేనట్టే. ఊరుబిండిలో నూరిన గింజల వెనక ఆ జూదం ఉంది. దారిపక్క కుప్పపోసిన చీనీకాయల వెనక వందల అడుగుల బోరు, ఆ బోరు కోసం చేసిన అప్పు ఉండవచ్చు. ఇదే మండలంలో పెనకచెర్ల దగ్గర పెన్న మీద కట్టిన మధ్య పెన్నార్ జలాశయం నిండాలంటే పెన్నానది ఒక్కటీ చాలదు, తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు రావాలి. ఆ కాలువ నీళ్ల కోసం ఎన్ని ఊళ్లు ఎదురుచూస్తాయో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. చేతులు కడుక్కోవడానికి పోసుకున్న చెంబుడు నీళ్లు కర్ణాటక కొండల నుంచి, ఎన్నో పొలాల వాటా నుంచి వచ్చి ఉండవచ్చు.

ఇక్కడ నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ వస్తుంది. డబ్బిచ్చి తిన్నాం, బిల్లు కట్టాక బాకీ ఎక్కడిది? సత్రంలో ఉచితంగా తిన్నవాడికి రుణం ఉంటుంది గానీ హోటల్లో తిన్నవాడికి ఏముంటుంది? దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు, ఎందుకంటే ఇందులో ఒక పెద్ద న్యాయం ఉంది. పాత సత్రాల్లో అన్నం అందరికీ ఒకేలా దొరకలేదు. చాలాచోట్ల కులం అడిగాకే విస్తరి వేసేవాళ్లు. కొందరికి పంక్తి బయట పెట్టేవాళ్లు, కొందరికి అసలు పెట్టేవాళ్లే కారు. డబ్బు పెట్టి కూర్చుంటే ఎవరినీ ఏమీ అడగని హోటలు బల్ల ఆ పద్ధతి కంటే ధర్మానికి దగ్గరగా ఉంది. నలుగురు స్నేహితులు నాలుగు కులాలవాళ్లయినా, రెండు మతాలవాళ్లయినా ఒకే బల్ల దగ్గర ఒకే గిన్నెలోంచి వడ్డించుకోగలగడం మన తాతల కాలంలో చాలా ఊళ్లలో సాధ్యం కాలేదు. స్నేహితుల ప్రయాణంలో ఈ ఒక్క సంగతి చాలు, దాన్ని పవిత్రం అనడానికి. అందుకే పాత యాత్ర అంతా గొప్పదనీ కొత్త ప్రయాణం అంతా పతనమనీ నేను అనను.

అయినా బిల్లుతో మొత్తం బాకీ తీరదు. ధర అనేది వస్తువుకు కట్టేది. వాన రాని ఏటి నష్టం ధరలో లేదు. ఎండిపోయిన బోరు ధరలో లేదు. భూమిలోంచి తోడేసిన నీటికి ఎవరూ ధర కట్టలేదు. పైగా ధర కుదిరేటప్పుడు ఇద్దరూ సమానంగా నిలబడి ఉండరు. కొనేవాడు కారెక్కి వెళ్లిపోగలడు, అమ్మేవాడు సాయంత్రంలోగా కాయలు అమ్ముకోకపోతే అవి వాడిపోతాయి. ధర ఇచ్చేస్తే చట్టం దృష్టిలో లెక్క సరిపోతుంది. ధర్మం ఆ తర్వాతి మాట అడుగుతుంది: ఈ లెక్కలోకి రానిదాన్ని నువ్వు గుర్తించావా? గుర్తించినవాడు నీళ్లు పారబోయడు. ఆకులో సగం వదిలేయడు. వడ్డించిన మనిషిని పేరుతోనో, అక్కా అన్నా అనో పిలుస్తాడు. ఇవి మర్యాదలు మాత్రమే కావు, రుణం ఒప్పుకోవడానికి మొదటి మెట్లు.

కొనుగోళ్ల సంగతి చూస్తే, బజారు లేని తీర్థం ఎక్కడుంది? తిరునాళ్లకు పోయినవాళ్లు గాజులు, బొరుగులు, బత్తాసులు, పిల్లల బొమ్మలు కొనకుండా తిరిగొచ్చేవాళ్లు కారు. గుడి చుట్టూ వీధి పుట్టేది, వీధిలో చేతిపనులవాళ్లు బతికేవాళ్లు. ఇతర మతాలూ దీన్ని తోసిపుచ్చలేదు. హజ్ వంటి కఠిన నియమాల యాత్రలోనూ వ్యాపారం చేసుకోవడం పాపం కాదని ఖురాన్ రెండో అధ్యాయం స్పష్టంగా అనుమతిస్తుంది. నార్పల మండలం గూగూడులో మొహర్రం వేళ కుళ్లాయిస్వామి దగ్గరికి హిందువులూ ముస్లింలూ కలిసి చక్కెర చదివింపులతో వస్తారు, ఆ ఊరంతా అంగళ్లతో నిండుతుంది. ఆ అంగళ్లు భక్తిని తగ్గించాయని అక్కడ ఎవరూ అనుకోరు.

మన భాషలో మొదటి యాత్రాగ్రంథమే ఇందుకు మంచి సాక్ష్యం. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి విశేషాలు రాసి తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపాడు. పిళ్లె వాటిని 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చువేయించాడు. అందులో స్నానాలు, శ్రాద్ధాలు ఎంత ఉన్నాయో, ఏ మజిలీలో అంగళ్లున్నాయి, బావినీళ్లు ఎలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ ఏ సుంకం కట్టాలి అన్న వివరాలూ అంతే ఉన్నాయి. వీరాస్వామయ్య నిష్ఠను శంకించేవాళ్లు లేరు. ఆయన రాసినదంతా తన వెనక వచ్చే బాటసారికి పనికొచ్చేలా రాశాడు. తను పొందిన సౌకర్యాన్నీ పడిన కష్టాన్నీ రాబోయేవాళ్లకు జ్ఞానంగా మార్చి ఇచ్చాడు. రుణం తీర్చుకోవడంలో అదొక ఉత్తమమైన పద్ధతి.

కాబట్టి ధర్మవరంలో చీర కొనడం తప్పు కాదు. ఎలా కొంటామన్నదే ప్రశ్న. గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చున్న నేతగాడు ఒక పట్టుచీరకు రోజుల తరబడి పోగులు కలుపుతాడు. పట్టుదారం ధర పెరిగినా జరీ ధర పెరిగినా ఆ దెబ్బ చివరికి కూలి మీద పడుతుంది. చీరను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా, అదే అంచు, అదే కొంగు మరమగ్గం మీద తక్కువ ఖర్చుతో దిగి పట్టుచీర పేరుతోనే అమ్ముడవుతోంది. ఈ సంగతులు తెలుసుకోకుండా బేరమాడితే ఆ బేరం అంగడివాడితో కాదు, మగ్గం దగ్గర కూర్చున్న మనిషితో. బేరం చేయడం పాపమని నేను అనను, అది బజారులో సహజమైన మాటల మార్పిడి. కానీ ఇది చేతిమగ్గం మీద నేసినదా అని అడగడం, అవునంటే దానికి తగ్గ ధర ఇవ్వడం, సంఘాల దగ్గరో నేరుగా నేసినవాళ్ల దగ్గరో కొనడం ధర్మమైన కొనుగోలు. దగ్గర్లోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. రాత్రంతా రామాయణం ఆడించిన ఆ వంశాల చేతులు, ఆటలు తగ్గిపోయాక దీపపు గొడుగులూ గోడబొమ్మలూ చేసి బతుకుతున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక బొమ్మ కొన్నవాళ్లు అది ఏ కథలోదో, ఆటలో ఎలా కదిలేదో అడిగి తెలుసుకుంటే ఆ కొనుగోలులో ఒక విద్య పట్ల గౌరవం చేరుతుంది. అడగకుండా కొంటే అది ఇంట్లో మరో అలంకారం.

ఇక చూడడం. దైవాన్ని చూడడమే పూజగా భావించిన దేశంలో కంటిని తక్కువచేసి మాట్లాడలేం. అయితే అన్ని చూపులూ ఒకటి కావు. లేపాక్షి వీరభద్రాలయాన్ని విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా ధనాన్ని గుడికి వాడాడనీ, కళ్లు తీయించే శిక్ష పడుతుందని విని తనే కళ్లు పెరికి గోడకు కొట్టాడనీ స్థల కథ. ఆ ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. కల్యాణ మండపం అసంపూర్తిగానే ఉండిపోయింది. కథ చరిత్ర అవునా కాదా అన్నది వేరే చర్చ. జనం దాన్ని ఇన్ని తరాలు ఎందుకు నిలుపుకున్నారో ఆలోచించాలి. మీరు తేరగా చూస్తున్న ఈ అందానికి ఎవరో కళ్లు చెల్లించారని ఆ కథ ప్రతి చూపరికీ చెబుతోంది. స్తంభం కింద గుడ్డ లాగి చూడడం కుతూహలం, అందులో తప్పులేదు. కానీ అదొక్కటే చేసి వచ్చేస్తే చూపు వింత దగ్గరే ఆగిపోతుంది. లతామండపం స్తంభాల మీద చెక్కిన అల్లికలు నేటికీ చీరల అంచుల్లో బతుకుతున్నాయి. శిల్పి నుంచి నేతగాడికి, నేతగాడి నుంచి కట్టుకున్నవాళ్లకు ఆ గీత ఎలా చేరిందో చూడగలిగినవాడి చూపు కృతజ్ఞత దాకా వెళుతుంది.

ఈ నేలమీదనే పుట్టిన మరో ఆక్షేపణ ఉంది. కదిరి ప్రాంతంలోని కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. మనసు మారనివాడు ఎన్ని తీర్థాలు తిరిగినా ప్రయోజనం లేదన్నది ఆయన పద్యాల్లో మళ్లీ మళ్లీ వినిపించే మాట. ఆ దృష్టితో చూస్తే ఇదంతా అనవసరపు శ్రమ. విహారాన్ని విహారంగానే ఉండనివ్వక దానికి మతం రంగు ఎందుకు పూయాలి? ఈ ప్రశ్నను నేను గౌరవిస్తాను. అయితే వేమన కాదన్నది తిరగడాన్ని కాదు, తిరిగి కూడా మారకపోవడాన్ని. మనసు మార్పు ఒక్కటే కొలమానమైతే, ఏ ప్రయాణం మనసును మారుస్తుంది అన్నది అడగాల్సిన ప్రశ్న అవుతుంది. ఎవరి కష్టం మీద మన సుఖం నిలబడిందో చూపించే ప్రయాణం మారుస్తుంది. గుడి దాకా వెళ్లినా అది చూపించని ప్రయాణం మార్చదు. నేను చెబుతున్నది విహారానికి మతం రంగు పూయమని కాదు, మతం అడిగేదాన్ని విహారంలోనూ తప్పించుకోవద్దని.

మరింత నొప్పించే ప్రశ్న ఒకటుంది. కరువు సీమలో విలాసయాత్రలేమిటి? జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది నార్పల మండలం బండ్లపల్లిలోనే. దేశంలో పని కోసం అంతగా తపించే చోటు ఇదని దాని అర్థం. ఈ పల్లెల జనం పంట పోయిన ఏడు మూటలు సర్దుకుని ఇదే రహదారి మీద బెంగళూరు కూలిపనులకు వలసపోతారు. ఒకే రోడ్డు మీద ఒకరు వేడుకకు, ఒకరు కూటికి. చూసీ చూడనట్టు పోవడం ఎవరికైనా సిగ్గుచేటే. దీనికి నా జవాబు రెండు భాగాలు. రాకపోవడం వల్ల ఇక్కడి వాళ్లకు మేలు జరగదు. చీర అమ్ముడవదు, చీనీకాయ అమ్ముడవదు, పూటకూళ్ల ఇంటి పొయ్యి మండదు. అలాగని వచ్చినవాళ్లంతా మేలు చేసినట్టూ కాదు. నీళ్లు లేని ఊళ్లో నీళ్లు వృథా చేసి, సీసాలూ సంచులూ చెరువు గట్టున విసిరి, ఫోటోల కోసం వేరుశనగ చేలల్లోకి దిగి తొక్కి పోయేవాళ్లు కరువుకు కరువు చేర్చినవాళ్లే. వేడుకకు వచ్చినవాడికి వలసపోయేవాడి పట్ల జాలి చాలదు. తన రాక వల్ల ఆ ఊరికి ఏం మిగిలింది, ఏం తరిగింది అన్న లెక్క ఉండాలి. ఆ లెక్క వేసుకునేవాడు కరువు సీమకు రావడానికి అర్హుడు.

చివరిగా స్నేహితుల తరఫున ఒక మాట. ఏడాదంతా ఉద్యోగాల్లో నలిగి నాలుగు రోజులు నవ్వుకోవడానికి బయల్దేరితే, ప్రతి ముద్దలో రుణం, ప్రతి చూపులో బాకీ అంటే ఆనందం మిగులుతుందా? మిగులుతుంది, పెరుగుతుంది కూడా. బాకీ ఒప్పుకోవడం దిగులు పడడం కాదు. అమ్మ చేతి వంట తింటూ అమ్మకు రుణపడ్డామని తెలిసినవాడికి రుచి తగ్గదు. పైగా స్నేహం నిలబడేదే ఈ గుణం మీద. ఎవరు ఎంత పెట్టారో పైసలతో సహా తేల్చేసుకుని ఎవరికెవరూ ఏమీ కారన్నట్టు విడిపోయేవాళ్లు తోటి ప్రయాణికులు మాత్రమే. ఈసారి నువ్వు నడిపావు, వచ్చేసారి నేను నడుపుతాను అని ఒకరికొకరు కొంచెం బాకీ ఉంచుకోగలిగినవాళ్లు స్నేహితులు. తమ మధ్య ఇంత సహజంగా ఉన్న ఆ గుణాన్ని వాళ్లు కారు బయటికి కూడా చాపితే చాలు. వడ్డించిన మనిషికి, నేసిన మనిషికి, చెక్కిన మనిషికి, నీళ్లు పంచుకున్న ఊరికి.

ఈ వాదన ఒప్పుకుంటే ఇంటికొచ్చిన బృందాన్ని పెద్దలు అడగాల్సిన ప్రశ్న మారాలి. ఎన్ని గుళ్లు చూశారన్నదీ, ఎంత ఖర్చుపెట్టారన్నదీ అంత ముఖ్యం కాదు. ఎవరి చేతి అన్నం తిన్నారు, మీరు కొన్న చీర ఎవరు నేశారు, అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, మీరు వచ్చేసేటప్పటికి ఆ చోటు మీరు పోకముందులాగే ఉందా అని అడగాలి. వీటికి జవాబు చెప్పగలిగిన పిల్లలు దేవుడి దగ్గరికే పోయివచ్చారు, దర్శనం క్యూలో నిలబడ్డా నిలబడకపోయినా. చెప్పలేనివాళ్లు పెద్దలైనా, బస్సులో నూటెనిమిది క్షేత్రాలు చుట్టివచ్చినవాళ్లైనా, మళ్లీ ఒకసారి బయల్దేరాల్సిందే. ప్రయాణం వాళ్లకు నేర్పాల్సిన పాఠం ఇంకా మిగిలే ఉంది. మనుష్య రుణాన్ని తీర్చకుండా దేవ రుణం తీర్చడం సాధ్యం కాదని నా నమ్మకం. దానికి గుళ్లతో పాటు గార్లదిన్నె రోడ్డు పక్కన అన్నం పెట్టే ఇల్లు కూడా సరైన చోటే.